వెలిగే చేప బొమ్మ: అర్ధపారదర్శక పదార్థాల ఎంపికపై పని డైరీ

చీకటి వేదికపై, ఆడించేవారి తలకు పైన, రెండు కడ్డీల మీద కదలాల్సిన 70 సెం.మీ. పొడవైన చేప బొమ్మ ఇది. లోపల అమర్చిన ఎల్‌ఈడీల వెలుగు తల, పొట్ట, రెక్కలు, పళ్ల గుండా బయటికి రావాలి, దవడ తెరుచుకోవాలి, మొత్తం బరువు 1,000 గ్రాములు దాటకూడదు. చేతులు పైకెత్తి ఆడించే బొమ్మకు ఈ బరువు హద్దును ముందే గీసుకోవాలి, ఎందుకంటే చర్మం మందం మొదలుకొని బ్యాటరీ వరకు ప్రతి నిర్ణయమూ చివరికి దానికే లోబడింది. ఇదే పని తలపెట్టినవారికి పనికొచ్చేలా కొలతలు, చెడిన పోతలు, వాటి కారణాలు, ఆ తర్వాత చేసిన మార్పులు ఇక్కడ రాస్తున్నాను.

దశ 1: కొలిచే పెట్టె

అర్ధపారదర్శక పదార్థాన్ని చేత్తో పట్టుకొని కిటికీ వైపు చూసి ఎంచుకోవడం నమ్మదగిన పద్ధతి కాదు. గది వెలుతురులో తేటగా కనిపించిన ముక్క వెనుక ఎల్‌ఈడీ పెట్టగానే దీపం ఆకారమే నేరుగా కళ్లలో పడవచ్చు. మొద్దుగా, మబ్బుగా కనిపించిన ముక్క అదే దీపంతో నిండుగా, సమంగా వెలగవచ్చు. పదార్థం ఎంత కాంతిని పోనిస్తుందన్నది ఒక ప్రశ్న, పోనిచ్చిన కాంతిని ఎంతగా చెదరగొట్టి పరుస్తుందన్నది వేరే ప్రశ్న. బొమ్మ వెలిగినట్టు కనిపించడానికి రెండోదే ఎక్కువ అవసరం. అందుకే మొదటిదాన్ని అంకెల్లో కొలిచి, రెండోదాన్ని ఒకే అమరికలో తీసిన ఫొటోలతో పోల్చాను.

1. పొడవాటి అట్టపెట్టె లోపలంతా మెరుపు లేని నల్ల రంగు వేయాలి.
2. ఒక చివర, మీటరుకు 60 దీపాలుండే ఎల్‌ఈడీ పట్టీ నుంచి కత్తిరించిన ఐదు దీపాల ముక్కను అతికించాలి. ఈ పట్టీలో దీపానికి దీపానికి మధ్య దూరం సుమారు 16.7 మి.మీ.
3. దీపాల నుంచి 25 మి.మీ. దూరంలో నమూనా ముక్క నిలిచేలా గాడి పెట్టాలి.
4. నమూనాకు అవతల 100 మి.మీ. దూరంలో ఫోన్ కాంతి సెన్సర్ ఉండాలి. చివరి వరకు అదే ఫోన్, అదే యాప్, అదే స్థానం వాడాలి.
5. నమూనా లేనప్పుడు వచ్చిన లక్స్ (వెలుతురు కొలమానం) విలువను 100గా తీసుకొని, మిగిలినవాటిని దానితో పోల్చి రాయాలి.

ఫోన్ చూపే లక్స్ అంకె స్వతహాగా ఖచ్చితమైనది కాదు, కానీ ఒకే ఫోన్‌తో తీసిన నిష్పత్తులు పోలికకు చాలు. మొదట తీసిన కొలతల్లో 6 మి.మీ. ముక్కలన్నీ అనుమానం కలిగించేంత ఎక్కువ వెలుగును చూపాయి. గాడి అంచుల నుంచి కాంతి కారడమే దానికి కారణం. అంచుల చుట్టూ నల్లటి ఫోమ్ టేపు అంటించి అన్నీ మళ్లీ కొలిచాను. కింద ఉన్నవి ఆ రెండోసారి అంకెలు.

ప్లాటినం సిలికాన్ (ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపడే రకం), షోర్ 00-30 (షోర్ అంటే మెత్తదనం, గట్టిదనాల కొలత; ఇది చాలా మెత్తనిది), రంగు కలపనిది: 2 మి.మీ. 84, 4 మి.మీ. 76, 6 మి.మీ. 69
అర్ధపారదర్శక పాలిమర్ క్లే (ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ మట్టి), కాల్చినది: 2 మి.మీ. 46, 4 మి.మీ. 24; 6 మి.మీ. 13
పాలికాప్రోలాక్టోన్, చల్లారినది: 2 మి.మీ. 51; 4 మి.మీ. 30
సహజ లేటెక్స్, ఫిల్లర్ లేనిది: 2 మి.మీ. 47
ఇసుక కాగితంతో గరుకు చేసిన పీఈటీజీ (తేట ప్లాస్టిక్) షీటు: 1 మి.మీ. 80
పలుచని టిష్యూ కాగితం, పీవీఏ (తెల్ల జిగురు) పూతతో: రెండు పొరలు 62, నాలుగు పొరలు 45

సిలికాన్ అంకెలు చూసి అదే గెలిచిందనుకోకూడదు. 2 మి.మీ. సిలికాన్ వెనుక ఐదు దీపాలూ ఐదు చుక్కలుగా విడివిడిగా కనిపించాయి. 62 మాత్రమే చూపిన రెండు పొరల కాగితం వెనుక ఒక్క చుక్క కూడా లేదు, ముక్కంతా ఒకే తెల్లదనంతో వెలిగింది. బొమ్మలో ఏ భాగానికి ఏ పదార్థం అన్న నిర్ణయానికి ఈ తేడాయే ఆధారమైంది.

దశ 2: పక్కన పెట్టినవి

లేటెక్స్. అచ్చులో పోయడం, పలుచని చర్మంగా తీయడం తేలికే, బరువూ తక్కువే. కానీ దాని సహజమైన తేనె రంగు నీలి కాంతిని మింగేస్తుంది. అదే పెట్టెలో ఎల్‌ఈడీలను విడివిడి రంగుల్లో వెలిగించి కొలిస్తే 2 మి.మీ. ముక్కకు ఎరుపులో 61, ఆకుపచ్చలో 48, నీలంలో 22 వచ్చాయి. సముద్రపు లోతుల్లో తిరిగే చేపకు నీలం, నీలి ఆకుపచ్చ ప్రధాన రంగులు కనుక లేటెక్స్ ఇక్కడ పనికిరాదు. నిప్పురంగు జీవికైతే ఇదే లోపం గుణమవుతుంది. మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి: రాగి తగిలిన చోట సహజ రబ్బరు తొందరగా చెడిపోతుంది. తొడుగు లేని రాగి తీగలను లేటెక్స్ చర్మానికి ఆనించి ఉంచకూడదు.

పాలికాప్రోలాక్టోన్. వేడినీళ్లలో మెత్తబడి చేత్తో మలచడానికి వీలయ్యే ఈ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కరిగినప్పుడు గాజులా తేటగా ఉండి, చల్లారేకొద్దీ తెల్లబడుతుంది. వెలుగును చక్కగా పరుస్తుంది, విరగదు, తప్పు వస్తే మళ్లీ వేడి చేసి సరిచేసుకోవచ్చు. ఈ గుణాలన్నీ చూసి కింది దవడ పట్టీని దీనితోనే చేశాను. గాలి ఆడని తల లోపల దీపాలను పూర్తి వెలుగులో ఉంచి పరీక్షించినప్పుడు, ఎల్‌ఈడీ పట్టీ ఆనుకున్న చోట దవడ పట్టీ మెత్తబడి వంగింది, దవడ ఒక పక్కకు జారింది. దీపానికి దూరంగా ఉండే భాగాలకు ఈ పదార్థం మంచిదే. దీపాన్ని మోసే భాగానికి మాత్రం వద్దు. దవడ పట్టీని అల్యూమినియం తీగతో మళ్లీ చేశాను.

చీకట్లో మెరిసే పొడి. స్ట్రాన్షియం అల్యూమినేట్ పొడిని సిలికాన్‌లో కలిపి కంటి చుట్టూ వలయం పోశాను. ఈ పొడి సిలికాన్ కంటే మూడు రెట్లకు పైగా సాంద్రమైనది. సిలికాన్ గట్టిపడేలోగా అడుగుకు దిగిపోయి, పైన తేట పొర, కింద పొడి పొరగా విడిపోయింది. చిక్కబడటం మొదలైన తర్వాత కుంచెతో పూస్తే పొడి నిలిచింది. అయినా ఈ ప్రయత్నాన్ని ఆపేశాను. వెలుతురు పట్టిన తర్వాత మొదటి కొద్ది నిమిషాల్లోనే దాని మెరుపు బాగా పడిపోతుంది. పైగా లోపలి ఎల్‌ఈడీ వెలిగినప్పుడు ఆ పొడి లేత పచ్చటి అడ్డుగోడలా పనిచేసి వెలుగును తగ్గిస్తుంది. లోపల దీపం లేని బొమ్మలకు, సన్నివేశానికి ముందు అతినీలలోహిత లాంతరుతో వెలుతురు పట్టించే వీలున్నవారికి ఇది తగినది.

బరువు లెక్క: అస్థిపంజరం 160 గ్రా. + కడ్డీలు 180 గ్రా. = 340 గ్రా.

దశ 3: పళ్లు

పళ్లకు గట్టిదనం, సన్నని మొన, మొదట్లో కొద్దిపాటి వెలుగు కావాలి. పాలిమర్ క్లే వీటన్నిటికీ సరిపోయింది, కానీ మందం విషయంలో అది కఠినమైనది. పట్టికలో చూడండి: 2 మి.మీ. దగ్గర 46 ఉన్నది 6 మి.మీ. దగ్గర 13కు పడిపోయింది. గట్టిగా, నిండుగా మలచిన మొదటి వరుస పళ్లు మొదట్లో 7 మి.మీ. మందం ఉండి, చిగురు వెనుక దీపం పెట్టినా మట్టిపళ్లలా నల్లగా నిలిచాయి. అందుకని లోపల బోలుగా చేయాల్సి వచ్చింది.

1. శంకువు ఆకారపు స్టీలు మొనకు పలుచగా టాల్కం పొడి రాయాలి.
2. 1.5 మి.మీ. మందంగా ఒత్తిన క్లేను దాని చుట్టూ చుట్టి, అతుకును వేలితో నునుపు చేయాలి.
3. మొనతో సహా కాల్చి, చల్లారాక మెలితిప్పి లాగాలి.
4. బోలు భాగం దీపం వైపు ఉండేలా చిగురులో అమర్చాలి.

కాల్చే వేడి విషయంలో ఊహ పనికిరాదు. తయారీని బట్టి కొన్ని రకాలకు 110 డిగ్రీలు, కొన్నిటికి 130 డిగ్రీల సెల్సియస్ అవసరం; పొట్లంపై ఉన్న అంకెనే పాటించి, ఓవెన్ లోపల విడిగా థర్మామీటర్ పెట్టి చూడాలి. నా దగ్గరున్న చిన్న ఓవెన్ మీటపై చూపిన వేడికి, లోపలి అసలు వేడికి 15 డిగ్రీల తేడా ఉంది. రంగు క్లేలో కనిపించని ఈ తేడా అర్ధపారదర్శక క్లేలో గోధుమ రంగుగా వెంటనే బయటపడుతుంది. ఇది అందానికి సంబంధించిన హెచ్చరిక మాత్రమే కాదు: ఈ క్లే మూలం పీవీసీ కనుక, మితిమీరి కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. పైన అల్యూమినియం రేకు గొడుగులా కప్పి కాల్చడం, గాలి బాగా ఆడే చోట పనిచేయడం రెండూ తప్పనిసరి.

కాల్చిన పళ్లలో కొన్నిటిపై నెలవంక ఆకారపు తెల్లటి మచ్చలు తేలాయి. క్లేలో చిక్కుకున్న తేమ, గాలి వల్ల ఇవి ఏర్పడతాయి. తడి చేతులతో పిసకడం మానేసి, పలుచగా ఒత్తి మడతల్లో గాలి చేరకుండా చూసుకున్నాక బాగా తగ్గాయి. ఓవెన్ నుంచి తీసిన వెంటనే మంచునీళ్లలో ముంచితే తేటదనం కొంత పెరుగుతుంది, 2 మి.మీ. ముక్కకు 46 ఉన్నది 50 అయింది. పళ్లకు ఇది చాలు.

బరువు లెక్క: 340 + పళ్లు, కళ్లు, దవడ 70 = 410 గ్రా.

దశ 4: తల చర్మం, గట్టిపడని సిలికాన్

ఎక్కువ పని పట్టిన దశ ఇది. తల చర్మానికి షోర్ 00-30 ప్లాటినం సిలికాన్ ఎంచుకున్నాను. రెండు భాగాలను సమాన తూకంలో కలపాలి; డబ్బాపై 45 నిమిషాల పని సమయం, 4 గంటల్లో గట్టిపడుతుందని ఉంది. మరునాటికి అచ్చు తెరిచినప్పుడు లోపలి భాగం చక్కగా గట్టిపడి ఉంది, అచ్చును తాకిన బయటి ముఖమంతా మాత్రం జిగటగా, వేలికి అంటుకునే స్థితిలో మిగిలింది.

ఇలా అచ్చును తాకిన పైపొర మాత్రమే చెడిపోతే కలిపిన నిష్పత్తిని అనుమానించనక్కర్లేదు, అచ్చునే అనుమానించాలి. మూల శిల్పాన్ని గంధకం ఉన్న నూనె క్లేతో మలచాను. అచ్చు ప్లాస్టర్‌తో చేసినది. ప్లాస్టర్ రంధ్రాల్లో మిగిలిన క్లే జిడ్డులోని గంధకం, సిలికాన్‌ను గట్టిపరిచే ప్లాటినం ఉత్ప్రేరకాన్ని పనిచేయకుండా చేసింది. అచ్చును కడిగి, అక్రిలిక్ వార్నిష్ మూడు పూతలు వేసి మళ్లీ ప్రయత్నిస్తే జిగట తగ్గింది గానీ, ముక్కు ముడతల్లో అలాగే ఉండిపోయింది. చివరికి గంధకం లేని క్లేతో తలను మళ్లీ మలచి కొత్త అచ్చు తీశాను. ప్లాటినం సిలికాన్‌తో పనిచేసేవారు దూరం పెట్టాల్సినవి ఇవి: గంధకం ఉన్న క్లే, లేటెక్స్ చేతితొడుగులు, టిన్ రకం సిలికాన్‌తో వాడిన పాత్రలు, పూర్తిగా గట్టిపడని 3డీ ప్రింట్ రెజిన్ అచ్చులు. చేతితొడుగులకు నైట్రైల్ లేదా వినైల్ మంచిది. కొత్త అచ్చు ఏదైనా సరే, కనిపించని మూలలో ఒక చెంచా సిలికాన్ పోసి గట్టిపడిందో లేదో చూశాకే పెద్ద పోతకు పూనుకోవాలి.

రెండో పోత గట్టిపడింది. చేత్తో చూస్తే లోపం లేదు. దీపం వెలిగించగానే చెంపపై వెలుగు ముద్దలు, నుదుటిపై చీకటి మరకలు కనిపించాయి. కుంచెతో పొరలు పొరలుగా పూసిన చర్మం ఒక చోట 1.8 మి.మీ., మరో చోట 5 మి.మీ. మందం ఉండటమే దానికి కారణం. రంగు వేసి మూసేసే బొమ్మలో ఈ తేడా ఎవరికీ తెలియదు. వెలిగే బొమ్మలో మందం తేడా నేరుగా నీడగా కనబడుతుంది. గాలి బుడగలదీ ఇదే కథ. అందుకే పద్ధతినే మార్చాను.

1. మూల శిల్పంపై పలుచని ప్లాస్టిక్ కప్పి, 4 మి.మీ. మందపు రెండు పట్టీల మధ్య సమంగా ఒత్తిన క్లే పలకను పరవాలి.
2. దాని మీద పెంకులాంటి బయటి అచ్చు తీయాలి.
3. క్లే పలకను తీసేసి, ఆ ఖాళీలో సిలికాన్ పోయాలి. ఇప్పుడు చర్మం మందం ఆ పలక మందానికి సమానమవుతుంది.
4. కలిపిన సిలికాన్‌ను గాలిని లాగేసే వ్యాక్యూమ్ పెట్టెలో ఉంచి బుడగలు తీసి, సన్నని ధారగా ఒకే మూల నుంచి పోయాలి.

చెక్కిన వివరాలు బయటి ముఖానికి రావాలి కనుక, శిల్పం నుంచి తీసిన అచ్చు బయట, పలక మందం మేర ఖాళీ వదిలే దిమ్మ లోపల ఉండేలా ఈ క్రమాన్ని తిరగేసి కూడా చేయవచ్చు. నా తలకు అదే వాడాను. సూదిని గుచ్చి పది చోట్ల కొలిస్తే మందం 3.8 నుంచి 4.3 మి.మీ. మధ్య వచ్చింది, మరకలు పోయాయి. బరువు మాత్రం 385 గ్రాములు తూగింది.

బరువు లెక్క: 410 + 385 = 795 గ్రా. ఇంకా శరీరం, రెక్కలు, దీపాలు, బ్యాటరీ మిగిలి ఉన్నాయి. వాటి అంచనా 315 గ్రా. హద్దు దాటుతోంది.

దశ 5: పలుచని చర్మం, చుక్కల సమస్య

పలకను 2.5 మి.మీ.కు తగ్గించి మళ్లీ పోశాను. చర్మం 240 గ్రాములకు దిగింది. కానీ చర్మం పలుచబడగానే దీపాల చుక్కలు తేలాయి, ముఖ్యంగా ముక్కు దగ్గర. దీపాలకు, చర్మానికి మధ్య దూరం కనీసం దీపానికి దీపానికి మధ్య ఉన్న దూరమంత ఉంటే చుక్కలు కలిసిపోతాయన్నది మంచి కొండగుర్తు. చెంపల దగ్గర ఆ దూరం 40 మి.మీ., అక్కడ ఇబ్బంది లేదు. ముక్కు దగ్గర 12 మి.మీ. మాత్రమే ఉంది, 16.7కు తక్కువ.

మొదట సిలికాన్‌నే మబ్బుగా చేయాలని చూశాను. సిలికాన్ వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.41. తెల్ల రంగులో ఉండే టైటానియం డయాక్సైడ్‌ది 2.5కు పైనే. ఈ పెద్ద తేడా వల్ల పొడి రేణువు ప్రతి ఒక్కటీ కాంతిని బలంగా వెనక్కి చెదరగొడుతుంది. వెయ్యి గ్రాములకు ఒక గ్రాము చొప్పున కలిపిన తెల్ల రంగుతోనే 2.5 మి.మీ. ముక్క 82 నుంచి 38కి పడింది. గుణకం 1.6 ప్రాంతంలో ఉండే కాల్షియం కార్బొనేట్ మెత్తటి పొడి, బాగా ఆరబెట్టి, వందకు సగం గ్రాము కలిపినప్పుడు 69 దగ్గర ఆగింది, చుక్కల అంచులు మెత్తబడ్డాయి. పదార్థంలో ఏం కలిపినా ఈ సూత్రమే: గుణకాల తేడా తక్కువైతే వెలుగు అంతగా నష్టపోకుండా మెత్తగా పరుచుకుంటుంది.

ముక్కుకు అది కూడా చాలలేదు. అక్కడ దీపాలను తిప్పేశాను. పట్టీ ఇప్పుడు చర్మం వైపు చూడదు. లోపలి తెల్లటి అట్ట గొట్టం వైపు చూస్తుంది, గొట్టం మీద పడి తిరిగి వచ్చిన కాంతి మాత్రమే చర్మాన్ని చేరుతుంది. వెలుగు నేరుగా పెట్టినప్పటిలో సగానికి కాస్త తక్కువైంది. చుక్కలు పూర్తిగా పోయాయి. ఈ పనికి ముందే దీపాల దిశను ఆలోచించి ఉంటే సరైన క్రమం అదే అయ్యేది. అస్థిపంజరం కట్టేటప్పుడే ఎల్‌ఈడీ పట్టీకి, ఎదురుగా తెల్లటి తలానికి చోటు వదలమని సలహా.

బరువు లెక్క, సవరించినది: 410 + 240 = 650 గ్రా.

దశ 6: రంగు

గట్టిపడిన సిలికాన్‌కు సిలికానే అంటుతుంది. అక్రిలిక్, నూనె రంగులు పెచ్చులుగా ఊడిపోతాయి. పలుచన చేసిన సిలికాన్‌లో సిలికాన్ రంగు కలిపి పూయాలి. పలుచన చేసే ద్రావకం ఆవిరి ప్రమాదకరం కాబట్టి కిటికీలు తెరిచి, తగిన ఫిల్టరున్న మాస్కు పెట్టుకోవాలి.

బయట వేసిన రంగు దీపం ఉన్నా లేకున్నా కనిపిస్తుంది. చర్మం లోపలి ముఖం మీద వేసిన గీతలు దీపం ఆరినప్పుడు కనబడవు, వెలిగినప్పుడు నీడలుగా తేలుతాయి. ఈ గుణాన్ని వాడుకొని లోపల నల్లటి సన్నని నరాలు, పక్కటెముకల గీతలు గీశాను. చేప కోపంతో వెలిగినప్పుడు మరో ముఖం బయటికి వస్తుంది. ఈ పని మొత్తంలో నాకు అత్యంత తృప్తినిచ్చిన ఫలితం ఇదే. గీత చర్మానికి ఆనుకొని ఉండాలి; దూరంగా జరిగేకొద్దీ నీడ అంచు చెదిరి మసకబడుతుంది.

దశ 7: కాగితం శరీరం, అతుకు

శరీరానికి సన్నని తీగ చట్రంపై రెండు పొరల టిష్యూ కాగితం, సమానంగా నీళ్లు కలిపిన పీవీఏ జిగురు. ఆరుతూ బిగుసుకుంటుంది కనుక తడిగా ఉన్నప్పుడు వదులుగా ఉన్నా లాగి బిగించకూడదు. అలా బిగించిన చోట చట్రం మెలితిరిగింది. ఆరిన కాగితం కదలికకు చప్పుడు చేస్తోంది, ముందు వరుస ప్రేక్షకులకు వినిపించేంత. మడతలు పడే నడుము దగ్గర కాగితం తీసేసి అదే సిలికాన్‌ను నెట్ గుడ్డపై పలుచగా పూసి పెట్టాక ఆ చప్పుడు ఆగింది. రెక్కలకూ ఇదే నెట్ గుడ్డ పద్ధతి.

సిలికాన్ తల కాగితానికి ఏ జిగురుతోనూ నిలవలేదు. చర్మం అంచును పోసేటప్పుడే 2 సెం.మీ. వెడల్పు నెట్ గుడ్డను సగం సిలికాన్‌లో ముంచి, సగం బయట వదిలాను. బయట ఉన్న సగాన్ని చట్రానికి దారంతో కుట్టి, పైన కాగితం కప్పాను.

బరువు లెక్క: 650 + శరీరం 90 + రెక్కలు 40 = 780 గ్రా.

దశ 8: కరెంటు

మొత్తం 24 దీపాలు, ఒక్కొక్కటి పూర్తి తెలుపులో గరిష్ఠంగా 60 మిల్లీయాంపియర్లు తీసుకునే రకం, అంటే 1.44 యాంపియర్లు. వాడుతున్న వెలుగు స్థాయిలో మీటరు 0.52 యాంపియర్ చూపింది. 5,000 మిల్లీయాంపియర్ గంటల పవర్‌బ్యాంక్ మార్పిడి నష్టాలు పోను సుమారు 6 గంటలు నిలుస్తుంది.

సమస్య మరోచోట వచ్చింది. చేప నెమ్మదిగా ఆరిపోయే సన్నివేశంలో కరెంటు 40 మిల్లీయాంపియర్లకు తగ్గగానే పవర్‌బ్యాంక్ ఏ పరికరమూ లేదనుకొని ఆగిపోయింది, తిరిగి వెలగలేదు. తక్కువ కరెంటుకు ఆగిపోవడం చాలా పవర్‌బ్యాంకుల స్వభావం. బయటికి కనబడని తోక మూల దీపాలు నాలుగింటిని నల్లటి టేపుతో మూసి, ఎప్పుడూ వెలుగుతూ ఉండేలా ప్రోగ్రాం మార్చాను. కనిష్ఠ కరెంటు 130కి చేరింది, ఆగడం పోయింది.

బరువు లెక్క: 780 + దీపాలు, తీగలు, కంట్రోలర్ 65 + బ్యాటరీ 120 = 965 గ్రా.

దశ 9: దవడ మూల

దవడను పదేపదే తెరిచి మూసే పరీక్షలో నోటి మూల దగ్గర 00-30 చర్మం చిరిగింది. ఈ మెత్తదనంలో చిరుగును ఆపే బలం తక్కువ. ఆ మూలలు రెండింటినీ 3 సెం.మీ. మేర కత్తిరించి, అంతకంటే గట్టిదైన షోర్ ఏ-10 సిలికాన్‌ను నెట్ గుడ్డతో కలిపి కొత్త అతుకులు పోశాను. ఇదీ అర్ధపారదర్శకమే, 2.5 మి.మీ. దగ్గర 78 చూపింది, పక్కనున్న చర్మం 69. మూలలు కొద్దిగా ఎక్కువ వెలిగాయి. లోపలి వైపు పలుచని తెల్ల పూత ఒకటి వేసి 70కి తెచ్చాక అతుకు గీత కనబడటం లేదు.

బరువు లెక్క: 965 + 11 = 976 గ్రా. హద్దుకు 24 గ్రాములు మిగిలి ఉన్నాయి. వాటిని వెనుక కడ్డీ పట్టు చోట రబ్బరు తొడుగుకు కేటాయించాను.